పల్నాడు పిల్లల్లో ఊబకాయం: పరిసరాల పాత్ర

గుంటూరు, పల్నాడు వైపు వీధిని బజారు అంటారు. "పిల్లాడు బజార్లో ఉన్నాడు" అంటే ఇంటి ముందు ఆడుకుంటున్నాడని అర్థం. అంగళ్లు ఉన్న చోటుకూ అదే పేరు. ఒక తరం కిందటి దాకా ఈ రెండు బజార్లూ వేరువేరుగా ఉండేవి. ఆడుకునే బజారు గుమ్మం ముందు, కొనుక్కునే బజారు ఊరి సెంటర్లో. ఇప్పుడు నరసరావుపేట, మాచర్ల, పిడుగురాళ్ల వంటి పట్టణాల్లో కొనుక్కునే బజారు ఆడుకునే బజారులోకి వచ్చేసింది. పల్నాడులో పిల్లల బరువు గురించి మాట్లాడాలంటే ఈ మార్పు దగ్గరే మొదలుపెట్టాలి.

పరిసరాలు అంటే ఇక్కడ పిల్లాడు ఇంటి నుంచి తన కాళ్లతో తాను వెళ్లగలిగినంత మేర ఉన్నదంతా: దుకాణాలు, రోడ్లు, ఖాళీ స్థలాలు, బడి, బడికి వెళ్లే దారి, ఇరుగుపొరుగు మాట, ఎండ. ఊబకాయం తిండిపోతు పిల్లాడి తప్పో, ముద్దు చేసిన తల్లి తప్పో అని చాలాకాలం అనుకున్నారు. 1999లో న్యూజిలాండ్ పరిశోధకుడు బాయిడ్ స్విన్‌బర్న్, ఆయన సహచరులు పరిసరాలను పరిశీలించి కొలిచే ఒక పద్ధతిని ప్రతిపాదించారు. దాంతో ప్రశ్నే మారిపోయింది. ఈ పిల్లాడు ఎందుకింత తింటున్నాడు అని కాక, ఇంతమంది పిల్లలు ఒకే కాలంలో బరువెక్కేలా చుట్టూ ఏం మారింది అని అడగడం మొదలైంది. ఒక్క తరంలో పిల్లల జన్యువులు మారవు, తల్లుల ప్రేమా మారదు.

కొలత

పిల్లల్లో ఊబకాయాన్ని కంటితో తేల్చలేం. బొద్దుగా కనిపించే పిల్లలందరూ ఊబకాయులు కారు, సన్నగా కనిపించే వాళ్లందరూ ఆరోగ్యవంతులూ కారు. కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే అంకెను బీఎంఐ అంటారు. దాన్ని అదే వయసు మగపిల్లల లేదా ఆడపిల్లల ప్రమాణాలతో పోల్చాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 5 నుంచి 19 ఏళ్ల వారికి మధ్యరేఖ మీద ఒక ప్రామాణిక విచలనం దాటితే అధిక బరువు, రెండు దాటితే ఊబకాయం. ఐదేళ్ల లోపు పిల్లలకు ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చూస్తారు, అక్కడి హద్దులు రెండు, మూడు. భారత శిశువైద్యుల సంఘం 2015లో తెచ్చిన పట్టికలు ఇంకాస్త ముందే హెచ్చరిస్తాయి. పెద్దల్లో 23, 27 బీఎంఐకి సరితూగే గీతలను అవి పిల్లలకు హద్దులుగా పెట్టాయి.

మన పిల్లలకు హద్దు ముందుకు జరపడానికి కారణం ఉంది. పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం మహారాష్ట్ర పల్లెల్లో పుట్టిన శిశువులను ఇంగ్లండు శిశువులతో పోల్చి చూసింది. మన శిశువులు బరువులో బాగా తక్కువ, కండలో ఇంకా తక్కువ. చర్మం కింది కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. సన్నగా ఉంటూనే కొవ్వు మోసే శరీరం ఇది. పల్నాడు లాంటి మెట్ట సీమలో ఈ సంగతికి బరువెక్కువ. చాలీచాలని తిండితో కాయకష్టం చేసిన తల్లుల కడుపున తక్కువ బరువుతో పుట్టి, పదేళ్లు తిరక్కుండానే చక్కెర, నూనె, కూర్చునే బడి మధ్యకు వచ్చిన పిల్లలకు కొవ్వు ముందుగా చేరేది నడుము చుట్టూనే. బీఎంఐ హద్దు దాటకముందే రక్తంలో చక్కెర, కొవ్వులు దారి తప్పవచ్చు.

లెక్కలు

ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21లో జరిగింది. ఆనాటికి పల్నాడు ఇంకా గుంటూరు జిల్లాలో భాగం. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా వేరు జిల్లా అయింది. ఆ సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఐదేళ్ల లోపు పిల్లల్లో అధిక బరువు ఉన్నవారు 2.7 శాతం. అంతకు ముందు సర్వేలో 1.2 శాతం. అంకె చిన్నదే, కానీ ఐదారేళ్లలో రెట్టింపు దాటింది. అదే సర్వేలో వయసుకు తగ్గ ఎత్తు లేని పిల్లలు 31.2 శాతం. పెద్ద స్త్రీలలో అధిక బరువు, ఊబకాయం కలిపి 36.3 శాతం. గిడసబారిన బిడ్డ, బరువెక్కిన తల్లి ఒకే ఇంట్లో ఉన్న రాష్ట్రం ఇది. ఈ రెండూ ఎదురెదురు జబ్బుల్లా కనిపిస్తాయి గానీ రెండింటి వెనకా ఉన్నది సారం లేని తిండే.

కొంచెం పెద్ద పిల్లల సంగతి 2016–18లో జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వే చెప్పింది. దేశంలో 5–9 ఏళ్ల వారిలో 4 శాతం, 10–19 ఏళ్ల వారిలో 5 శాతం అధిక బరువుతో ఉన్నారు. కౌమారంలో ఉన్నవారిలో 24 శాతం మంది బక్కచిక్కి ఉన్నారు. రెండు వయసుల్లోనూ సుమారు 10 శాతం మందికి మధుమేహానికి ముందు దశ ఉన్నట్టు తేలింది. అధిక బరువు ఉన్నవాళ్ల కంటే చక్కెర హెచ్చినవాళ్లు ఎక్కువ ఉండటమే ఈ సర్వేలో అన్నిటికన్నా కలవరపెట్టే విషయం.

ప్రపంచంలో 2022 నాటికి 5–19 ఏళ్ల వారిలో 39 కోట్ల మంది అధిక బరువుతో, వారిలో 16 కోట్ల మంది ఊబకాయంతో ఉన్నారు. ఆ ఏడాది భారత్‌లో ఊబకాయం ఉన్న పిల్లలు, కౌమారులు సుమారు 1.25 కోట్లు. 1990లో ఈ సంఖ్య నాలుగు లక్షల దగ్గర ఉండేది. బడి వయసు పిల్లల్లో ఊబకాయుల శాతం బక్కపిల్లల శాతాన్ని ప్రపంచవ్యాప్తంగా మొదటిసారి దాటిందని 2025లో యూనిసెఫ్ ప్రకటించింది.

సజ్జ సంకటి నుంచి సన్నబియ్యానికి

పల్నాడు తిండి గురించి తెలుగువాళ్లకు మొదట గుర్తొచ్చేది శ్రీనాథుడి పేర చెప్పుకునే చాటువు. సన్నన్నానికి అలవాటుపడిన ఆ కవికి ఇక్కడి జొన్న, సజ్జ కూడు, నాపరాళ్లు, నాగులేటి నీళ్లు మింగుడుపడలేదు. ఆయన చిరాకును పక్కన పెట్టి చూస్తే అందులో ఒక సీమ ఆహారపు చిత్రం ఉంది. పీచున్న గింజ, కష్టంగా దొరికే నీరు, రాళ్ల మీద నడక.

ఆ చిత్రం రెండు అడుగుల్లో మారింది. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ నుంచి 1967లో కుడికాలువకు నీరు వదిలారు. మెట్ట పొలాలకు తడి తగిలింది. వరి, పత్తి, మిరప వచ్చాయి. జొన్న, సజ్జ చేలు తగ్గాయి. తర్వాత 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో 2 రూపాయల బియ్యం పథకం తెచ్చింది. అది ఎన్ని కడుపులు నింపిందో ఆ రోజులు చూసినవాళ్లకు తెలుసు. ఈ రెండు మేళ్లనూ తక్కువ చేసి మాట్లాడటం అన్యాయం. అయితే వాటితో పాటే సంకటి కుండ అటకెక్కింది. పండగకు మాత్రమే వండే తెల్లన్నం మూడు పూటలా కంచంలోకి వచ్చింది. పక్కన పప్పు, ఆకుకూర తగినంత పెరగలేదు. దిగుమతి పామాయిల్ రాకతో వేపుళ్లు, పిండివంటలు నిత్యకృత్యమయ్యాయి.

తిండి మారినా పని మారకపోతే ఒళ్లు తట్టుకునేది. పనీ మారింది. ట్రాక్టరు, వరికోత యంత్రం వచ్చాక పొలంలో పిల్లలకు పని లేకుండా పోయింది. బాలకార్మికం తగ్గడం మంచిదే, సందేహం లేదు. కానీ ఆ పనితో పాటు పోయిన ఒంటి కదలికకు బదులుగా ఆట రాలేదు. కళ్లాలు పోయాయి. నూర్పిళ్లయ్యాక అలికిన కళ్లం, గడ్డివాముల చుట్టుపక్కల నేల ఊరి పిల్లలకు నెలల తరబడి మైదానంగా ఉండేది. కోత యంత్రం గింజను నేరుగా ట్రక్కులో పోస్తే కళ్లంతో పని లేదు. వ్యవసాయంలో వచ్చిన ఒక మార్పు పిల్లల ఆటస్థలాన్ని ఎవరికీ తెలియకుండా తీసేసింది.

తోరణాల అంగడి

అమెరికా, బ్రిటన్‌లలో పరిసరాల గురించి జరిగిన పరిశోధనలో ఆహారపు ఎడారి అనే మాట తరచుగా వస్తుంది. పేదల పేటల్లో తాజా కూరగాయలు, పండ్లు దొరికే దుకాణమే ఉండదన్నది దాని సారం. పల్నాడుకు ఈ నమూనా సరిపోదు. ఇక్కడ తెల్లారేసరికి తోపుడు బండి మీద వంకాయ, బెండకాయ, గోంగూర ఇంటి ముందుకు వస్తాయి. 1999లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన రైతుబజార్లు పట్టణాల్లో కూరగాయల ధరను అందుబాటులో ఉంచాయి. కూర దొరక్క మన పిల్లలు బరువెక్కడం లేదు. కూర చుట్టూ మరేవో వచ్చి కమ్ముకున్నాయి. పరిశోధకులు దీనికి ఆహారపు ఊబి అని పేరు పెట్టారు. మంచి తిండి ఉంటుంది, దాన్ని చేరేలోపు కాలు పదిచోట్ల దిగబడుతుంది.

ఏ పేటలోనైనా కిరాణా కొట్టును పిల్లాడి ఎత్తు నుంచి చూడాలి. బియ్యం, కందిపప్పు లోపల గోనెల్లో ఉంటాయి. గుమ్మానికి తోరణాల్లా వేలాడేవి చిప్స్, మసాలా పుల్లలు, తీపి గొట్టాలు, చాక్లెట్ల పట్టీలు. వాటిలో చాలావాటి ధర ఐదు రూపాయలు, కొన్నిటిది రెండు రూపాయలు. ఐదు రూపాయలు అనేది యాదృచ్ఛికంగా వచ్చిన ధర కాదు. ఇంటికొచ్చిన చుట్టం పిల్లాడి చేతిలో పెట్టే నాణెం అది, తాత రోజూ ఇచ్చే చిల్లర అది. సరుకు ఖర్చు పెరిగితే ధర పెంచకుండా ప్యాకెట్‌లోని గ్రాములు తగ్గించి ఆ నాణేన్ని కాపాడుకోవడం ఈ వ్యాపారంలో మామూలే. అదే నాణేనికి మంచి జామకాయ రావడం కష్టం. పల్లెలోనూ ఇదే తంతు. ఇంటి అరుగు మీద చిన్న కొట్టు పెట్టుకున్న ఒంటరి స్త్రీకి ఈ తోరణాలే ఆధారం, ఎందుకంటే అవి కుళ్లవు, ఫ్రిజ్ అక్కర్లేదు, రోజూ అమ్ముడవుతాయి. ఆమెను తప్పుపట్టి ప్రయోజనం లేదు.

సాయంత్రం బండ్ల సంగతి వేరు. మిరపకాయ బజ్జీ, పునుగులు పాతవే. వాటి పక్కన నూడుల్స్, ఫ్రైడ్ రైస్ బండ్లు వచ్చి చేరాయి. నరసరావుపేట మల్లమ్మ సెంటర్ వంటి కూడళ్లలో ట్యూషన్ వదిలే వేళకూ పెనం వేడెక్కే వేళకూ తేడా లేదు. ఆకలితో బయటికొచ్చిన పిల్లాడికి మొదట తగిలేది వాసన. బడికీ ఇంటికీ మధ్య దారిలో ఏముందన్నదే ఇక్కడ అసలు ప్రశ్న. ఇంట్లో తల్లి ఎంత జాగ్రత్తగా వండినా ఆ దారి ఆమె చేతిలో లేదు.

ఆడుకునే చోటు, ఆడుకోలేని ఎండ

పల్నాటి వీరగాథలో బాలచంద్రుడు ఊళ్లో బొంగరాలు ఆడతాడు. ఆ ఆటలోనే యుద్ధం సంగతి అతని చెవిన పడి కథ మలుపు తిరుగుతుంది. ఎనిమిది వందల ఏళ్లుగా ఈ సీమ పాడుకుంటున్న కథలో వీరుడు వీధిలో ఆడుకునే పిల్లాడిగానే మనకు ఎదురవుతాడు. బొంగరం, గోలీలు, బిళ్లంగోడు, ఏడుపెంకులాట, కోతికొమ్మచ్చి, చెడుగుడు: వీటిలో దేనికీ మైదానం అక్కర్లేదు, బజారు చాలు. దేనికీ డబ్బు అక్కర్లేదు. పట్టణ ప్రణాళికలో పార్కుల లెక్క చూసి పల్నాడులో ఆటస్థలాలు ఎప్పుడూ లేవనుకోవడం పొరపాటు. బజారే ఆటస్థలం.

దాన్ని మొదట తీసుకున్నది వాహనం. సిమెంటు రోడ్డు పడ్డాక మోటారు సైకిళ్ల వేగం పెరిగింది. నరసరావుపేట, వినుకొండ మీదుగా అనంతపురం–గుంటూరు జాతీయ రహదారి పోతుంది. పిడుగురాళ్ల, దాచేపల్లి మీదుగా అద్దంకి–నార్కట్‌పల్లి రహదారి పోతుంది. సున్నం, నాపరాయి, సిమెంటు మోసే లారీలు ఈ ఊళ్ల మధ్యలోంచే వెళ్తాయి. సున్నపు బట్టీలకు పేరుపొందిన పిడుగురాళ్లలో లారీతో పాటు దుమ్ము కూడా పిల్లలను లోపలికి తోస్తుంది. కుక్కల భయం సరేసరి. సాగర్ కాలువ ఈతకు నోరూరిస్తుంది. కానీ దాని వేగం, నిటారు గట్లు ఎందరో పిల్లల ప్రాణాలు తీశాయి కనక పెద్దలు వద్దనడంలో తప్పులేదు. రాజకీయ కక్షలు రగిలినప్పుడు భయం ఇంకో రకం. 2024 మేలో ఎన్నికల తర్వాత జరిగిన హింసతో పల్నాడులో 144 సెక్షన్ పెట్టాల్సి వచ్చింది. పెద్దలే గుమిగూడకూడని ఊళ్లో పిల్లలను ఆటకు పంపేదెవరు?

ఎండను పరిసరాల లెక్కలోంచి వదిలేస్తే పల్నాడు అర్థం కాదు. రాష్ట్రంలో అత్యధిక ఉష్ణోగ్రత అనగానే ఏటా వినిపించే పేరు రెంటచింతల. గురజాల, మాచర్ల మధ్య ఉన్న ఈ ఊళ్లో మే నెలలో 45 డిగ్రీలు దాటడం వింత కాదు. చుట్టూ ఉన్న నాపరాతి నేల, రాతి కప్పులు పగటి వేడిని పొద్దుపోయేదాకా వదలవు. మార్చి మధ్య నుంచి ఒంటిపూట బడులు, ఏప్రిల్ చివర నుంచి జూన్ రెండో వారం దాకా సెలవులు. అంటే ఏడాదిలో మూడు నెలలు పిల్లలకు ఆటకు వీలైన వేళలు రెండే: పొద్దున ఎనిమిది లోపు, సాయంత్రం ఆరు తర్వాత. ఆ రెండు వేళలనూ ట్యూషన్లు తీసుకున్నాయి. మిగిలిన పగలంతా నాలుగు గోడల మధ్య, ఫ్యాను కింద, ఫోను ముందు.

అమెరికాలో చిన్న తరగతుల పిల్లలపై 2007లో వచ్చిన ఒక అధ్యయనం, బడి నడిచే నెలల్లో కంటే వేసవి సెలవుల్లోనే బీఎంఐ వేగంగా పెరుగుతుందని చూపింది. బడి ఎంత చెడ్డదైనా వేళకు తిండి, కొంత కదలిక ఇస్తుంది. సెలవుల్లో ఆ కట్టు ఉండదు. అక్కడి వేసవి ఆటలకు అనువైన కాలం. పల్నాడు వేసవి అలాంటిది కూడా కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 5–17 ఏళ్ల పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు చెమట పట్టేలా కదలాలని చెబుతుంది. మే నెలలో రెంటచింతల పిల్లాడికి ఆ 60 నిమిషాలు ఎక్కడినుంచి తెచ్చివ్వాలన్నది ఇక్కడి ప్రశ్న.

ఆడపిల్లలకు ఈ దారులన్నీ ఇంకా ముందే మూసుకుంటాయి. పెద్దమనిషి అయిన రోజుతో బజారులో ఆట ఆగిపోతుంది. కుర్రాళ్లకు క్రికెట్ అయినా మిగులుతుంది. ప్రభుత్వ బడి ఆడపిల్లలకు 'బడికొస్తా' పేరుతో ఇచ్చిన సైకిళ్లు చదువు మానకుండా ఉండటానికి ఉద్దేశించినవి. కానీ రోజూ నాలుగు కిలోమీటర్లు తొక్కే అమ్మాయికి అవి ఇచ్చింది హాజరు ఒక్కటే కాదు.

బడి

2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులో ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని రాసి ఉంది. పల్నాడులో ఈ నిబంధనకు దగ్గరగా ఉన్నవి సాధారణంగా పల్లెల్లోని ప్రభుత్వ బడులే. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో చాలావాటికి వేపచెట్లు, ఖోఖో స్తంభాలు, వాలీబాల్ కోర్టు ఉంటాయి. పట్టణాల్లో ప్రైవేటు బడులు అనేకం అద్దె మేడల్లో, దుకాణాల సముదాయాల మీద నడుస్తున్నాయి. అక్కడ ఆటల పీరియడ్ టైంటేబుల్లో ఉంటుంది, ఆడేందుకు నేల ఉండదు. ఉన్న పీరియడ్‌ను పరీక్షల ముందు లెక్కల మాస్టారు తీసుకుంటారు. చుట్టుపక్కల పల్లెల నుంచి పొద్దున్నే పసుపుపచ్చ వ్యాన్లు పిల్లలను ఎక్కించుకుని నరసరావుపేట, సత్తెనపల్లి చేరుస్తాయి. ఊరి బడికి నడిచివెళ్లే అరకిలోమీటరు పోయి, కూర్చుని ప్రయాణించే గంట వచ్చింది. తల్లిదండ్రులు పొలం తాకట్టు పెట్టి కొన్న చదువులో భాగంగానే ఈ కూర్చోవడం కూడా వస్తోంది.

అందుకే పాశ్చాత్య దేశాల అనుభవం ఇక్కడ తలకిందులవుతుంది. అక్కడ ఊబకాయం పేద పేటల్లో ఎక్కువ. ఇక్కడ ఇప్పటికీ కలిగిన ఇళ్లలో ఎక్కువ. ఆటస్థలం ఉన్న బడిలో పేద పిల్లలున్నారు, ఆటస్థలం లేని బడిలో ఫీజు కట్టగలిగిన పిల్లలున్నారు. ఐదు రూపాయల ప్యాకెట్ మాత్రం రెండు బడుల గేట్ల ముందూ ఉంది. కాబట్టి ఈ తేడా ఎంతోకాలం నిలిచేది కాదు. బ్రెజిల్, మెక్సికో వంటి దేశాల్లో ఊబకాయం మొదట సంపన్నుల్లో కనిపించి తర్వాత పేదల వైపు మళ్లింది.

మధ్యాహ్న భోజనం గురించి ఒక మాట. 2003లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఈ భోజనంలోకి తర్వాత గుడ్డు, చిక్కీ వచ్చాయి. 2023 మార్చిలో రాగిజావ చేరింది. 2024లో పథకానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. సంకటి పోయిన సీమలో బడి గిన్నెలోకి రాగి తిరిగి రావడం చిన్న విషయం కాదు. ప్రైవేటు బడి పిల్లాడికి ఆ జావ లేదు. అతని లంచ్ బాక్సులో ఏముంటుందో, విరామంలో ఏం కొంటాడో ఎవరూ రాసిపెట్టరు.

ఇరుగుపొరుగు

పరిసరాలంటే గోడలు, రోడ్లే కాదు. "మీవాడు చిక్కిపోయాడేంటి, పెట్టట్లేదా?" అని పక్కింటావిడ అడిగిన రోజు రాత్రి కంచంలో ఒక గరిటె ఎక్కువ పడుతుంది. ఆకలి చూసిన సీమలో బొద్దుతనం కలిమికి గుర్తు. బిడ్డ ఒళ్లు చేస్తే దిష్టి తీస్తారు గాని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లరు. చుట్టపుచూపుగా వచ్చేవాళ్లు ఒకప్పుడు అరటిపళ్ల హస్తం తెచ్చేవాళ్లు, ఇప్పుడు బిస్కెట్ ప్యాకెట్లు తెస్తున్నారు. అంగన్‌వాడీలో తూకం వేసినా కళ్లు వెతికేది బరువు తక్కువ పిల్లలనే. ఆ రిజిస్టరు పుట్టిందే అందుకు. గీత పైవైపు దాటిన బిడ్డను చూసి అందరూ సంతోషిస్తారు.

పరిశోధనలు

తెలుగునాట ఈ విషయంలో ముందుగా చెప్పుకోవాల్సింది హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పని. 12–17 ఏళ్ల నగర పిల్లలపై ఆ సంస్థ పరిశోధకులు చేసిన అధ్యయనం 2007లో అచ్చయింది. మొత్తం మీద 7.2 శాతం మంది అధిక బరువుతో ఉన్నారు. వారానికి ఆరు గంటలు, ఆపైన ఆరుబయట ఆడే పిల్లల్లో ఇది 3.1 శాతమే. రోజుకు మూడు గంటలు, ఆపైన టీవీ చూసేవారిలో 10.4 శాతం. బాగా కలిగిన కుటుంబాల్లో 15.1 శాతం. ఇంటిపని చేసే పిల్లల్లోనూ తక్కువే కనిపించింది. ఆనాడు టీవీ హాల్లో ఉండేది, చూసే సమయం పెద్దలకు తెలిసేది. ఇప్పటి ఫోనుకు ఆ లెక్క లేదు.

రెండోది పల్లెల కథ. 1987–90లో హైదరాబాద్ శివారు 29 గ్రామాల్లో గర్భిణులకు, పసిపిల్లలకు పోషకాహారం ఇచ్చి చూసిన ప్రయోగంతో మొదలై, ఆ పిల్లలను పెద్దయ్యాక కూడా వెంటాడుతున్న దీర్ఘకాల అధ్యయనం. ఈ గ్రామాలు నగరం పక్కన ఉండటంతో కొన్ని వేగంగా పట్టణమయ్యాయి, కొన్ని పల్లెలుగా మిగిలాయి. ఉపగ్రహ చిత్రాల సాయంతో ఇళ్ల చుట్టూ కట్టడాలు ఎంత పెరిగాయో లెక్కగట్టారు. 2020లో వచ్చిన ఫలితాల్లో, కట్టడాలు వేగంగా పెరిగిన చోట ఉన్నవారి నడుము కొలత, రక్తపోటు ఎక్కువ పెరిగాయి. ఇల్లు మారలేదు, మనిషి మారలేదు, చుట్టూ ఊరు మారింది. నరసరావుపేట అంచుల్లో వెంచర్లు పడుతున్న పల్లెలకు ఇంతకంటే దగ్గరి ఉదాహరణ దొరకదు.

ఇలాంటి పరిశోధనలకు ఒక చిక్కు ఉంది. మనుషులు తమ పేటను తామే ఎంచుకుంటారు. ఆటలిష్టమైన కుటుంబం మైదానం పక్కన ఇల్లు తీసుకుంటే, పిల్లాడు సన్నగా ఉండటానికి కారణం మైదానమా, కుటుంబమా? దీన్ని దాటడానికి అమెరికాలో సైనిక కుటుంబాలను చూశారు. సైనికుడు తానుండే ఊరు ఎంచుకోడు, బదిలీ ఉత్తర్వు ఎంచుతుంది. ఊబకాయం ఎక్కువున్న ప్రాంతాలకు బదిలీ అయిన కుటుంబాల పిల్లలు బరువెక్కే అవకాశం ఎక్కువని 2018లో తేలింది. అంతకు ముందు, 1994–98 మధ్య ఐదు నగరాల్లో పేద కుటుంబాలకు లాటరీ తీసి మెరుగైన పేటలకు మారే వీలిచ్చిన ప్రయోగంలో, పది పదిహేనేళ్ల తర్వాత తల్లుల్లో తీవ్ర ఊబకాయం, మధుమేహం తగ్గాయి. ఆ కుటుంబాలకు ఎవరూ ఆహార పాఠాలు చెప్పలేదు. మారింది ఇంటి చిరునామా.

నియమాలు, పథకాలు

కేంద్ర ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2020లో ఇచ్చిన నిబంధనల ప్రకారం బడి గేటు నుంచి 50 మీటర్ల లోపు కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న పదార్థాలను పిల్లలకు అమ్మకూడదు, వాటి ప్రచారమూ చేయకూడదు. నియమం మంచిదే. 50 మీటర్లంటే పిల్లాడికి నిమిషం నడక, అంత దూరం నుంచి తోరణాలు కళ్లకు కనిపిస్తూనే ఉంటాయి. పైగా పల్నాడు పల్లెల్లో బడి ఇళ్ల మధ్యలోనే ఉంటుంది, అరుగు కొట్టు బడి గోడకు ఆనుకునే ఉంటుంది. ఏది ఎక్కువ కొవ్వు, ఏది ఎక్కువ ఉప్పు అని ఆ కొట్టు నడిపే స్త్రీకి ఎవరైనా చెప్పి, బదులుగా అమ్ముకోవడానికి వేరుశనగ ఉండ, ఉడికించిన శనగలు, అరటిపండు గిట్టుబాటయ్యేలా చేస్తే తప్ప నియమం గేటు మీద బోర్డుగానే మిగులుతుంది.

2025 మేలో సీబీఎస్‌ఈ తన బడుల్లో చక్కెర బోర్డులు పెట్టమంది. ఏ పానీయంలో ఎన్ని చెంచాల చక్కెర ఉందో పిల్లలకు కనబడేలా రాయడం. చెంచాల లెక్క పిల్లలకు గ్రాముల కంటే బాగా ఎక్కుతుంది. రాష్ట్ర సిలబస్ బడుల్లో దీన్ని అమలు చేయడానికి పెద్ద ఖర్చేమీ లేదు. పన్నుల సంగతి మాత్రం చిత్రంగా తయారైంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి చక్కెర కలిపిన గ్యాసు పానీయాల మీద జీఎస్టీ 40 శాతం, బిస్కెట్లు, చాక్లెట్లు, ప్యాకెట్ కారాల మీద 5 శాతం. సీసా మీద పడిన చేయి తోరణం మీద పడలేదు, పైగా దానికి ధర తగ్గించుకునే వీలు దొరికింది. పిల్లల చేతికి ముందుగా అందేది తోరణమే.

ఆమ్‌స్టర్‌డామ్ నగరం 2012 తర్వాత బడులు, ఆటస్థలాలు, తాగునీటి పంపులు, పేటల సంఘాలు అన్నిటినీ కలిపి ఒకే కార్యక్రమంగా నడిపింది. 2012–2015 మధ్య అధిక బరువు పిల్లల సంఖ్య 12 శాతం తగ్గినట్టు ప్రకటించింది. అక్కడ చేసినవాటిలో పల్నాడుకు పనికొచ్చేది ఖరీదైన పార్కులు కాదు, బడిలో నీళ్లు తప్ప మరో పానీయం ఉండకూడదన్న పట్టుదల. ఫ్లోరైడ్ నీటితో బాధపడ్డ మెట్ట గ్రామాలున్న ఈ సీమలో చల్లటి, శుద్ధమైన నీటి కుళాయి బడిలో ఉండటం దాహానికీ బరువుకీ రెండింటికీ సంబంధించిన విషయం.

ఆటస్థలాలు కొత్తగా కొనడం పట్టణాల్లో కుదిరే పని కాదు. ఉన్నవాటిని తెరవడం కుదురుతుంది. నరసరావుపేటలో ఎస్.ఎస్.ఎన్. కళాశాల 1950 నాటిది. అంత పాత విద్యాసంస్థల స్థలాలు ఈ రోజు ఎవరూ కొనలేనివి. మండల కేంద్రాల్లో జిల్లా పరిషత్ బడుల మైదానాలకు సాయంత్రం నాలుగున్నరకు తాళం పడుతుంది. తాళం పడ్డాకే ఎండ తగ్గుతుంది. ఒక తాళంచెవి, రెండు దీపాలు, రాత్రి ఎనిమిది దాకా కూర్చునే ఒక మనిషికి జీతం, ఆడపిల్లల కోసం ఒక వేళ విడిగా: మే నెల రెంటచింతలలో 60 నిమిషాలు దొరికేది ఆ గేటు వెనకే.